తోడు అడిగే పద్ధతి

హౌగ్దాల్,
సెప్టెంబరు నెలాఖరు, 1974

తాంగెన్ కొసన పాత ఇల్లు కొనుక్కుని మా మధ్యకి వచ్చిన బోర్గిల్ గారికి, హౌగ్దాల్ ఓస్మున్ నమస్కరించి రాయడమేమనగా,

మీరు బెర్గెన్ పట్నంలో మందుల షాపు నడిపి, ఇప్పుడు తీరిక చిక్కి, మా పక్క పద్ధతిలో బీరు కాచడం నేర్చుకోవాలనుకుంటున్నారని పాల లారీ ఐవిన్ చెప్పాడు. ఐవిన్ చెప్పేవాటిలో సగం అబద్ధాలు. ఇది మిగతా సగంలోదని నమ్మి రాస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటారేమో. మా లైను మీదే ఇంకా చాలా ఇళ్ళున్నాయి, ఒకరి మాటలు అందరికీ వినబడతాయి. నేను రిసీవర్ ఎత్తానంటే అన్ని ఇళ్ళల్లోనూ వంట ఆగిపోతుంది.

ప్రతి నవంబరు మొదటి శనివారం బీరు కాచేవాళ్ళమంతా మా కొట్టంలో కూడతాం. ఎవరి బిందె వాళ్ళు తెస్తారు, వెళ్ళేటప్పుడు ఇంకొకరి బిందె పట్టుకెళ్తారు. తన బీరు తనే తాగేవాడు తన జోకుకి తనే నవ్వుకునేవాడితో సమానమని మా అమ్మ అనేది. కొత్తగా కాచినవాళ్ళని పీపా పక్క కుర్చీలో కూర్చోబెట్టి, అందరికన్నా ముందు వాళ్ళ బీరే రుచి చూస్తాం. కొత్తవాళ్ళు వచ్చి చాలా ఏళ్ళయింది. ప్రస్తుతం ఆ కుర్చీలో మా పిల్లి పడుకుంటోంది.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్టు, వాసనకి జునిపర్ చెట్టు కొమ్మలు మీరు చూసుకోండి. తోడు మాత్రం నేనిస్తాను. పాలకి తోడెంత ముఖ్యమో బీరుకీ అంతే. మా తోడు మా అమ్మమ్మ అత్తగారి కాలం నుంచి చావకుండా వస్తోంది. బార్లీ పానకం గోరువెచ్చగా చల్లారాక తోడు వెయ్యాలి. వేడి ఎక్కువైతే తోడు చస్తుంది. మా ఇంట్లో థర్మామీటరు లేదు, నా కుడిచేతి చూపుడువేలుంది. అది ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు.

ఈ ఉత్తరంతో పాటు ఐవిన్ ఒక పొట్లం ఇస్తాడు. అందులో మా వంశమే ఉందనుకోండి. ఏం చెయ్యాలో వేరే చెప్పనక్కర్లేదు, మా పక్క పసిపిల్లకైనా తెలుసు.

ఇట్లు,
మీ రాక కోసం పిల్లిని లేపడానికి సిద్ధంగా ఉన్న
ఓస్మున్

తా.క.: తోడు వేసేటప్పుడు పీపాలోకి తల వంచి గట్టిగా కేక పెట్టాలి. దెయ్యాలు పారిపోతాయి. కేక ఎంత గట్టిదైతే బీరు అంత గట్టిగా వస్తుంది. మా పాస్టరు గారు ఒకసారి మొహమాటపడి గొణిగారు. ఆయన బీరు ఎంత తాగినా మర్నాడు పొద్దున్నే అందరం బుద్ధిగా చర్చికి వెళ్ళగలిగాం.

—

తాంగెన్,
అక్టోబరు మొదటి వారం

పెద్దలు ఓస్మున్ గారికి బోర్గిల్ నమస్కారాలు. ఉభయకుశలోపరి.

ఐవిన్ చెప్పింది నిజమే. మీ పిలుపు చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వచ్చి నాలుగు నెలలైనా ఇక్కడ నాతో ఎక్కువసేపు మాట్లాడింది పక్కింటి పంది ఒక్కటే.

ఇక మీ కానుక. చిన్న చిన్న చెక్క ముక్కలు ఒకదానిలో ఒకటి గుచ్చి అల్లిన ఆ దండ లాంటి పనితనం బెర్గెన్ మ్యూజియంలో కూడా చూడలేదు. ఒక్క మాట అంటాను, కోపగించుకోకండి. ఎన్నాళ్ళు అటక మీద పడేశారో గాని సందుసందునా గోధుమరంగు మడ్డి పేరుకుపోయి ఉంది. మందుల షాపులో బతికినదాన్ని, మురికి కనబడితే నా చెయ్యి ఊరుకోదు. పాత చెక్క కదా, వేడినీళ్ళు పోస్తే చిట్లుతుందేమోనని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, తర్వాత బ్రష్షుతో తోమాను. ఎంత మడ్డి వదిలిందంటే నీళ్ళు గంజిలా చిక్కబడ్డాయి. ఆరాక అవిసెనూనె పట్టించి వీధి తలుపుకి తగిలించాను. కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

మీరిస్తానన్న తోడు సీసా మాత్రం అందలేదు. ఐవిన్ దారిలో ఎక్కడైనా దింపేశాడేమో కనుక్కోండి.

ఇట్లు,
కృతజ్ఞతలతో
బోర్గిల్

తా.క.: దండ కడిగిన నీళ్ళు వృథా చెయ్యడం ఎందుకని పక్కింటి పంది కుడితి బకెట్‌లో పోశాను. పోయిన వారం అభ్యాసానికని కాచి పాడుచేసిన బార్లీ పానకం కూడా అందులోనే ఉంది. ఇంకో సందేహం: కేక అంటే ఉత్త కేకా, ఏమైనా మాటలుంటాయా?

—

హౌగ్దాల్,
ఆ మర్నాడే

బోర్గిల్ గారికి ఓస్మున్ రాయునది.

ఉభయకుశలోపరి అని రాశారు. ఇక్కడ కుశలం లేదు. ఆ ముక్క మీ వైపు ఉంచేసుకోండి.

మీ ఉత్తరం చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. తుడిచినా అక్షరాలు మారలేదు. అమ్మా, ఆ మడ్డే తోడు. కాచినప్పుడల్లా దండని పానకంలో ముంచి, పొంగు మీద పట్టే మడ్డితో సహా తీసి ఆరబెడతాం. మళ్ళీ కాచినప్పుడు ఆ దండే ముంచుతాం. మా ఇంట్లో అది ఎవరూ కడగలేదు. మీరు బ్రష్షుతో తోమింది మా అమ్మని, అమ్మమ్మని, ఆవిడ అత్తగారిని.

నా దగ్గర ఇంకో దండ లేదు. ఈ నవంబరులో అందరి చేతుల్లో బిందెలుంటాయి, ఇంటాయన చేతులు ఖాళీ. మా అమ్మ కాలం నుంచి ఇలాంటిది జరగలేదు. మిమ్మల్ని తిట్టాలనే కాగితం తీశాను. తెలియక చేసినవాళ్ళని తిట్టకూడదని అమ్మ నేర్పింది. తెలిసి చేసినవాళ్ళని కూడా తిట్టనిచ్చేది కాదు. అందుకే నాకు తిట్లు సరిగ్గా రావు.

ఒక్కటే దారి. సముద్రపు పాయ అవతలి ఒడ్డున విక్నెస్‌లో హల్వార్ అని ఒకడున్నాడు. మా చెల్లెలు సిన్నోవ మొగుడు. దాని పెళ్ళికి మా అమ్మ ఈ తోడే కొంత గుడ్డకి పట్టించి ఇచ్చి పంపింది, కాబట్టి వాళ్ళింట్లో ఉన్నది మా తోడే. చిక్కేమిటంటే వాడికీ నాకూ ఆరేళ్ళుగా మాటల్లేవు. కారణం మీకు తెలియాలి. మా పక్క గొప్ప బీరు తాగితే ‘చెడ్డగా లేదు’ అంటాం. అంతకు మించి ఎవరూ అనరు, అంటే వెక్కిరించినట్టు. ఆరేళ్ళ కిందట నిండు సభలో, నా బల్ల దగ్గర, నా బీరు తాగి వాడు లేచి నిలబడి ‘చాలా బాగుంది’ అన్నాడు. ఊరంతా విన్నది. ఇంత అవమానం జరిగాక ఎలా మాట్లాడమంటారు?

మీరే వెళ్ళాలి. పద్ధతి జాగ్రత్తగా వినండి. తోడు ఉత్తరంలో అడక్కూడదు. మనిషిని పంపి అడక్కూడదు. ఖాళీ బిందె పట్టుకుని స్వయంగా వెళ్ళి, గుమ్మం ముందు నిలబడి, నోరు తెరిచి అడగాలి. అలా అడిగిన కొత్తవాళ్ళని కాదనకూడదు. పాయకి రెండువైపులా ఇదే ధర్మం. నా పేరు మాత్రం ఎత్తకండి.

ఇట్లు,
తోడు లేని
ఓస్మున్

తా.క.: నేనెలా ఉన్నానని వాడు అడిగితే బ్రహ్మాండంగా ఉన్నానని చెప్పండి. అడక్కపోయినా చెప్పండి. కేకకి మాటలక్కర్లేదు. ముందుగా ఇంట్లో సాధన చేసుకోండి, లేకపోతే సమయానికి గొంతు పట్టేస్తుంది.

—

తాంగెన్,
అక్టోబరు మూడో వారం

ఓస్మున్ గారికి, తల వంచుకుని బోర్గిల్ రాస్తున్నది.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. ఇన్నేళ్ళూ జనానికి ప్రాణం పోసే మందులు అమ్మి, చివరికి మీ అమ్మగారిని బ్రష్షుతో తోమాను. ఆ దండ తలుపు మీద మెరుస్తుంటే పెరటి దారిన తిరుగుతున్నాను.

మీరు చెప్పినట్టే బిందె పట్టుకుని పడవలో విక్నెస్ వెళ్ళాను. గుమ్మం ముందు నిలబడి గట్టిగా అడిగాను. హల్వార్ గారి మొహం ఎర్రబడింది. ఆయన సిన్నోవ గారి వైపు చూశారు. ఆవిడ పొయ్యి వైపు చూశారు. పొయ్యి కూడా ఏం చెప్పలేదు. అప్పుడాయన లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. చాలాసేపు గిన్నెల చప్పుడు వినబడింది. ఈలోగా సిన్నోవ గారు నాకు వాఫుల్సూ మేకపాల జున్నూ పెట్టి, నేను ఎవరిదాన్ని, ఎంత శుభ్రం చేస్తాను, మీ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళాను అని చాలా వివరంగా కనుక్కున్నారు. చివరికి హల్వార్ గారు గుడ్డ చుట్టిన సీసా తెచ్చి ఇచ్చారు. గాలి తగిలితే చస్తుంది, కాచే రోజు దాకా మూత తియ్యొద్దన్నారు.

మీ గురించి ఆయన అడగలేదు. ‘ఆ ఒడ్డున ఎవరో ముసలాయన ఉండాలే, ఇంకా కాస్తున్నాడా?’ అన్నారు, అంతే. బ్రహ్మాండంగా ఉన్నారని చెప్పాను. ‘బ్రహ్మాండంగానా? అయితే ఏదో జబ్బు చేసిందన్నమాట,’ అని ఆయన చాలాసేపు కిటికీలోంచి మీ ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

విక్నెస్ వెళ్ళేముందు రోజు ఇంకో సంగతి జరిగింది. ఉతుకు గదిలో కేక సాధన చేస్తుంటే ఎవరో విని కబురు పెట్టారు. పోలీసాయన వచ్చారు. బీరు కోసమని చెప్పాను. ఆయన మీ హౌగ్దాల్ లోయవాడేనట. టోపీ తీసి, నేను గొంతులోంచి అరుస్తున్నానని, పొట్టలోంచి రావాలని చెప్పి, ఎలాగో చేసి చూపించారు. తర్వాత ఇద్దరం కలిసి చేశాం. దాంతో మళ్ళీ ఎవరో కబురు పెట్టారు, ఈసారి డాక్టరు గారు వచ్చారు.

ఇట్లు,
ప్రాయశ్చిత్తంలో ఉన్న
బోర్గిల్

తా.క.: పంది కుడితి బకెట్ రెండు రోజులకే తనంతట తను పొంగి నేలంతా పాకింది. మిగిలింది పందికి పెట్టాను. అది తిన్న దగ్గర్నుంచి గోడకి ఆనుకుని కూర్చుని నన్ను చూసి నవ్వుతోంది. దాని యజమాని ఏం పెట్టారని అడిగితే అజీర్ణం అని చెప్పి మందిచ్చాను.

—

హౌగ్దాల్,
అక్టోబరు, మంచు పడిన రోజు

బోర్గిల్ గారికి ఓస్మున్ అత్యవసరంగా రాయునది.

మీ ఉత్తరంలో తోడు సంపాదించారన్న దాకా చదివి, మిగతాది పక్కన పెట్టాను. కోపంలో ఉన్నవాడు తా.క.లు చదవడు. కోపం మీ మీద కాదు, ఊరి మీద.

నేను మీకు పొట్లం పంపడం ఐవిన్ చూశాడు. అందులోంచి వచ్చినదాన్ని మీరు వీధి తలుపుకి తగిలించుకోవడం చూశాడు. తర్వాత మీ ఇంట్లోంచి కేక వినబడింది. ఆ మర్నాడే మీరు మంచి కోటు వేసుకుని పడవలో నా చెల్లెలింటికి వెళ్ళారు. మా పక్క పెళ్ళి చేసుకోబోయే ఆడమనిషి ముందుగా వెళ్ళేది ఆడపడుచు ఇంటికే. ఈ నాలుగూ డెయిరీ దగ్గర ఒకచోట చేర్చి, జనం నాకు పెళ్ళి కుదిర్చేశారు. కేక దగ్గర మాత్రం ఊరు రెండుగా చీలింది. సంతోషం పట్టలేక వేశారని కొందరు, నా మొహం గుర్తొచ్చి వేశారని కొందరు.

నిన్న విక్నెస్ నుంచి ఒక మూట వచ్చింది. సిన్నోవ అల్లిన ఉన్ని చేతితొడుగులు, మగవాళ్ళవి ఒక జత, ఆడవాళ్ళవి ఒక జత. మీద ఒక చీటీ: ‘ఇన్నాళ్ళకి నీకు బుద్ధొచ్చింది అన్నయ్యా. ఆవిడ మంచి శుభ్రమైన మనిషి.’ ఆరేళ్ళ తర్వాత నా చెల్లెలి దగ్గర్నుంచి వచ్చిన మొదటి మాట ఇది. అబద్ధమని తిరిగి రాస్తే ఇంకో ఆరేళ్ళు పడుతుందేమో. ఏం చెయ్యాలో తోచక చేతితొడుగులు వేసుకుని తిరుగుతున్నాను. అవి చూసి జనం ఇంకా గట్టిగా నమ్ముతున్నారు.

మీరు వెంటనే బీరు మొదలుపెట్టండి. తోడు వేసే కేక ఒక్కటి చాలు. ఇంక దేనికీ కేకలు పెట్టకండి.

ఇట్లు,
నలుగురి నోళ్ళలో నలుగుతున్న
ఓస్మున్

తా.క.: డిసెంబరులో ఏ శనివారం ఖాళీగా ఉందో పాస్టరు గారు కబురు పంపారు. నేను అడగలేదు.

—

తాంగెన్,
అక్టోబరు ఆఖరు

ఓస్మున్ గారికి బోర్గిల్ రాస్తున్నది.

మీకు చేతితొడుగులే. నాకు మహిళా సంఘం వాళ్ళు దుప్పట్లు తెచ్చారు, మూలల్లో మనిద్దరి పేర్ల మొదటి అక్షరాలు కుట్టి మరీ. అలాంటిదేమీ లేదని ఎంత చెప్పినా వినలేదు. ‘మా కాలంలోనూ మేమిలాగే కాదన్నాం’ అని కాఫీ తాగి వెళ్ళిపోయారు. తిప్పి పంపుదామనుకున్నాను గాని చలి చాలా ఉంది.

బీరు కాచాను. జునిపర్ కొమ్మలు ఉడికించిన నీళ్ళతో మాల్టు నానబెట్టి, పానకం వడగట్టి, థర్మామీటరు పెట్టి గోరువెచ్చన అయ్యేదాకా కాపలా కూర్చున్నాను. తోడు వేసి, పోలీసాయన నేర్పినట్టు పొట్టలోంచి కేక పెట్టాను. ఎవరూ రాలేదు. ఇప్పుడు నా కేకలకి ఊరు అలవాటు పడింది. సాయంత్రానికల్లా పీపా బుడబుడమనడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈ ఇంట్లో నేను కాకుండా ఇంకో ప్రాణి ఉన్నట్టు అనిపించడం ఇదే మొదటిసారి.

శనివారం బిందెతో వస్తాను. పిల్లికి చెప్పి ఉంచండి.

ఇట్లు,
చేతుల నిండా మాల్టు వాసనతో
బోర్గిల్

తా.క.: సభలో హల్వార్ గారిచ్చిన సీసా గురించి ఎవరూ మాట ఎత్తకుండా చూడండి. ముఖ్యంగా ఆయన ముందు. ఎందుకో తర్వాత చెప్తాను.

—

హౌగ్దాల్,
నవంబరు, సభ ముగిసిన సోమవారం

బోర్గిల్ అమ్మకి ఓస్మున్ ఆశీస్సులతో రాయునది.

మీరు వెళ్ళిపోయాక కూడా జనం కొట్టం వదల్లేదు. మీరు పీపా పక్కన కూర్చుని సగం బల్ల మీద ఒలకబోస్తూ అందరికీ పోస్తుంటే నాకు మా అమ్మ మొదటిసారి నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు నేనూ సగం బల్ల మీదే పోశాను.

ఒక్క గుక్క తాగగానే తెలిసిపోయింది. ఆ కమలాతొక్క వాసన, చివర్న నాలుక మీద ఆ చిన్న చేదు. అది మా ఇంటి బీరు. మళ్ళీ దాన్ని తాగుతానని అనుకోలేదు. ‘చెడ్డగా లేదు’ అని అందరికీ వినబడేలా అన్నాను. కొట్టమంతా తలలూపింది. మీరు మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నారు. మీకు ముందే చెప్పాను కదమ్మా, అది పతకం.

హల్వార్ వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చి బల్ల ఆ చివర కూర్చున్నాడు, అదీ ఉత్త చేతుల్తో. బిందె లేని నన్ను వెక్కిరించడానికే అలా వచ్చాడనుకున్నాను. మీ బీరు తాగి వాడు మళ్ళీ లేచి నిలబడి, ‘చాలా బాగుంది’ అన్నాడు. ఈసారి నేను వాడి మొహం చూశాను. కళ్ళ నిండా నీళ్ళు. వెక్కిరించేవాడికి కళ్ళనీళ్ళు రావు. అప్పుడు కూడా వాడు నిజమే అన్నాడని, మెచ్చుకోలు పట్టలేక అన్నాడని ఆరేళ్ళకి అర్థమైంది. వాడు మొహం తుడుచుకోవడానికి బయటికి వెళ్ళాడు. వెనకే వెళ్ళాల్సింది. సిగ్గేసింది. వెళ్ళి పొయ్యి మీది కెటిల్ తీసి అందరికీ కాఫీ పోస్తూ కూర్చున్నాను.

ఇక మీకో సంగతి చెప్పాలి. నేను పంపిన దండ అప్పటికే చచ్చిపోయింది. ఆగస్టులో గడ్డి కోతలకి బీరు కాచి, ఎప్పట్లాగే వేలు ముంచి చూసి, దండ సగం ముంచాను. మొత్తం ఒకేసారి ముంచకూడదని అమ్మ మాట. రెండు రోజులు కూర్చున్నా ఒక్క బుడగ రాలేదు. మిగతా సగం ముంచి చూసే ధైర్యం లేకపోయింది. అదీ చచ్చిందని తెలిస్తే, అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చింది నా చేతిలో పోయిందని ఖాయమైపోతుంది. హల్వార్ దగ్గరికి వెళ్ళి అడగలేను. కొత్తవాళ్ళు అడిగితే వాడు కాదనలేడు. అప్పుడే ఐవిన్, మందుల షాపావిడ, మురికి కనబడితే కడిగేస్తుందని చెప్పాడు. మీరు కడుగుతారనే పంపాను. తప్పు మీ మీద వేసి మిమ్మల్ని విక్నెస్ పంపాను. మీ అంత శుభ్రమైన మనిషి మీద పెట్టుకున్న నమ్మకం వమ్ము కాలేదు.

మీ పీపా అడుగున మడ్డి ఉంటుంది. ఒక సీసాలో పోసి ఐవిన్‌తో పంపండి. నా తోడు నాకొస్తుంది. హల్వార్‌కి తెలియనక్కర్లేదు.

ఇట్లు,
కోపం తగ్గాక క్షమించాల్సిన
ఓస్మున్

తా.క.: పిల్లి ఆ కుర్చీ ఎక్కడం మానేసింది. మీదని ఒప్పుకున్నట్టుంది. సిన్నోవ పంపిన ఆడవాళ్ళ చేతితొడుగులు మా ఇంట్లో ఊరికే పడున్నాయి. చలికాలం కదా అని పంపుతున్నాను. దానికి వేరే అర్థం లేదు.

—

తాంగెన్,
నవంబరు, ఉత్తరం అందిన రోజే

ఓస్మున్ గారికి బోర్గిల్ రాస్తున్నది.

మీరు తా.క.లు చదవరని తెలిసింది కనక ఈసారి అసలు సంగతి పైనే రాస్తున్నాను. మీ తోడు చావలేదు. నేను తాగించింది విక్నెస్ తోడు కాదు, మీదే.

విక్నెస్ సంగతులు మీకు రాసిన మర్నాడే, ఆగలేక, హల్వార్ గారి సీసా మూత తీశాను. ఏదో అనుమానమేసి, షాపు నుంచి తెచ్చుకున్న మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. అది ఓట్స్ జావ. ఉప్పు కూడా వేశారు. పారబొయ్యడం ఎందుకని పొద్దున్నే పాలు కలుపుకుని తినేశాను, చెడ్డగా లేదు.

అంటే ఏమిటి? ఆయన దగ్గరా తోడు లేదు. మీ ఉత్తరం తెచ్చిన లారీలోనే ఆయన ఉత్తరమూ వచ్చింది. వసంతంలో ఇల్లు సర్దుతూ సిన్నోవ గారు తోడు గుడ్డని సబ్బు పెట్టి ఉతికి దండెం మీద ఆరేశారట. హౌగ్దాల్ ఆడపడుచు తోడు గుడ్డ ఉతికేసిందని తెలిస్తే పుట్టింట్లో ఆవిడ తలెత్తుకోలేదని ఆయన ఎవరికీ చెప్పలేదు. కొత్తమనిషిని కాదనకూడదు, లేదని ఒప్పుకోకూడదు, అందుకని జావ కాచారు. ఇప్పుడు ఏం రాశారో చూడండి: ‘అది ఓస్మున్ తోడని ఒక్క గుక్కకే తెలిసింది. మాకు కొంచెం ఐవిన్‌తో పంపండి. ఓస్మున్‌కి తెలియనక్కర్లేదు.’

బావా బావమరుదులంటే మీరేనండీ.

మరి ఆ బీరు ఎక్కడిది? నేను గోరువెచ్చటి నీళ్ళలో కడిగానని రాశాను. ఆ నీళ్ళు బార్లీ పానకం ఉన్న పంది బకెట్‌లో పోశాననీ రాశాను. అది తనంతట తను పొంగిందనీ, పంది నవ్వుతోందనీ రాశాను. ఇంతకన్నా విడమర్చి ఎలా రాయాలి? బకెట్ అడుగు గీకి మైక్రోస్కోపులో చూస్తే మీ అమ్మా, అమ్మమ్మా, ఆవిడ అత్తగారూ అందరూ క్షేమంగా ఉన్నారు. దాన్నే పెంచి పీపాలో వేశాను. మీరు మెచ్చి, హల్వార్ గారు కన్నీళ్ళు పెట్టుకున్న బీరు కుడితి బకెట్‌లో పుట్టింది. ఈ ముక్క మాత్రం ఊళ్ళో చెప్పకండి.

ఇంకొకటి. చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మొన్న కొట్టంలో మరుగుతున్న కాఫీ కెటిల్‌ని మీరు పొయ్యి మీద నుంచి ఉత్త చేత్తో తీశారు. గుడ్డ అందించబోతే అక్కర్లేదన్నారు. మీ అరచెయ్యి ఎర్రగా కమిలింది, మీకు తెలియనే లేదు. మీ వేలికి వేడి తెలియడం లేదు ఓస్మున్ గారూ. ఆగస్టులో మీ పానకం ఇంకా బాగా వేడిగా ఉండి ఉంటుంది. ముంచిన సగం అందుకే పోయింది. ముంచని సగం బతికింది. తోడు మీ చేతిలో చావలేదు. మీ వేలికి వయసొచ్చింది, అంతే. డాక్టరు గారికి చెయ్యి చూపించండి. థర్మామీటరు నేనిస్తాను. మీ ఇంట్లో అది ఉందని ఎవరికీ చెప్పను.

ఇక తోడు సంగతి. ప్రస్తుతం పాయకి రెండువైపులా ఉన్న ఒకే ఒక్క తోడు నా దగ్గరుంది. మీరే నాకు పద్ధతి నేర్పారు. తోడు ఉత్తరంలో అడక్కూడదు. మనిషిని పంపి అడక్కూడదు. చల్లకొచ్చి ముంత దాచినట్టు ఐవిన్ లారీలో దాచి తెప్పించుకోవడం అసలే కుదరదు. ఆదివారం మధ్యాహ్నం నా గుమ్మం ముందుకి ఖాళీ బిందెలతో రండి. ఇద్దరూ రావాలి. ఒకే పడవలో రావాలి. రోడ్డు మీద వస్తే తలుపు తియ్యను. అంటే మీరు ముందు విక్నెస్ రేవుకి వెళ్ళి ఆయన్ని పిలవాలి. హల్వార్ గారికీ ఇదే రాశాను. చెరో తెడ్డు పట్టుకోండి. కలిసి వెయ్యకపోతే పడవ ఉన్నచోటే తిరుగుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు.

సిన్నోవ గారిని కూడా తీసుకురండి. సబ్బు ఇంట్లో వదిలి రమ్మనండి.

ఇట్లు,
ఆదివారం కాఫీ పెట్టి కిటికీ దగ్గర కూర్చునే
బోర్గిల్

తా.క. (ఇది చదవండి): చేతితొడుగులు సరిగ్గా సరిపోయాయి. పాస్టరు గారు చెప్పిన ఆ డిసెంబరు శనివారం గురించి మీకేమైనా అడగాలనుంటే, దానికీ పద్ధతి ఇదే. స్వయంగా వచ్చి, గుమ్మం ముందు నిలబడి, నోరు తెరిచి అడగాలి. బిందె అక్కర్లేదు. జవాబుగా నేను ‘చెడ్డగా లేదు’ అంటే మాత్రం చిన్నబుచ్చుకోకండి.